కట్టలో ఉన్నది సీసాలో పట్టదు

గుంటూరు పట్నంబజారులో ఎరువులు, పురుగుమందుల దుకాణాల ముందు కాసేపు నిలబడితే అరల నిండా ‘నానో’ అన్న మాటే కనిపిస్తుంది. నానో యూరియా, నానో డీఏపీ, నానో జింక్, నానో సిల్వర్, వాటి పక్కనే లోపల ఏముందో ఎక్కడా రాయని నానో టానిక్కులు. ఈ మాటను నమ్మి డబ్బు పెడుతున్నది మిరప, వరి పండించే కౌలు రైతులు కాబట్టి, దీని గురించి లెక్కలతో మాట్లాడవలసిన బాధ్యత రసాయనశాస్త్రం బోధించే నా బోటి వాళ్ల మీద ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. నానో విజ్ఞానం బూటకమని నేను అనడం లేదు. అది గత యాభై ఏళ్లలో మనిషి సాధించిన గొప్ప విషయాల్లో ఒకటి. నా వాదన వేరు. పదార్థాన్ని బాగా చిన్నది చేస్తే దాని ప్రవర్తన మారవచ్చు గాని, దాని రాశి పెరగదు. ప్రవర్తన మారితే చాలు అనుకున్న చోట నానో నిజంగానే పనిచేసింది. రాశి కావలసిన చోట దాన్ని నిలబెట్టినప్పుడల్లా ప్రచారమే మిగిలింది.

ముందు ప్రవర్తన సంగతి. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలను నానో కణాలంటారు. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కొక్క నానోమీటరు ముక్కలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది, అంటే దాదాపు ఎకరంన్నర పొలమంత. రసాయన చర్యలు జరిగేది ఎక్కువగా ఉపరితలం మీదే కాబట్టి, పెద్ద ముద్దగా ఉన్నప్పుడు మొద్దుగా కూర్చునే లోహం నానో రూపంలో చురుకైన ఉత్ప్రేరకమవుతుంది. ఇది ఒక ఎత్తు. రెండోది ఇంకా విచిత్రమైనది. కణం చాలా చిన్నదైనప్పుడు అందులోని ఎలక్ట్రాన్లకు తిరిగే చోటు తగ్గి, వాటి శక్తి స్థాయిలు మారిపోతాయి. ఒకే కాడ్మియం సెలినైడ్ రెండు మూడు నానోమీటర్ల కణాలుగా ఉన్నప్పుడు నీలం, పచ్చ కాంతులను, ఆరు నానోమీటర్ల ప్రాంతంలో ఎర్రని కాంతిని ఇస్తుంది. రంగును నిర్ణయించేది ఇక్కడ పదార్థం ఒక్కటే కాదు, పరిమాణం కూడా. క్వాంటమ్ చుక్కలనే ఈ కణాల మీద పనికే 2023లో మౌంగి బావెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర టీవీల దుకాణంలో క్యూఎల్ఈడీ పేరుతో అమ్ముతున్న తెరల వెనక ఉన్నది ఈ విజ్ఞానమే.

దీన్ని కళ్లారా చూపించడానికి ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. పలచని వెండి నైట్రేటు ద్రావణంలో తులసి ఆకుల కషాయం కొంచెం పోసి పరీక్షనాళికను వెలుతురులో ఉంచితే, నీళ్లలా ఉన్న ద్రవం ముందు లేత పసుపుకు, తరవాత తేనె రంగుకు, క్రమంగా ముదురు గోధుమకు తిరుగుతుంది. ఆకులోని పదార్థాలు వెండి అయాన్లను లోహపు కణాలుగా మార్చాయన్న మాట. ఆ కణాలు 420 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి మనకు ఆ రంగు కనిపిస్తుంది. మొదటిసారి చూసిన విద్యార్థుల ముఖాల్లో కలిగే వెలుగు నాకు ఎంతో ఇష్టం. అయితే ఇదే ప్రయోగాన్ని తులసికి బదులు వేపతో, వేపకు బదులు జామతో, జామకు బదులు మునగతో చేసి ప్రతిసారీ ఒక పరిశోధనా పత్రం రాసే ఆచారం మన కళాశాలల్లో పాతుకుపోయింది. నానో ప్రచురణల సంఖ్యలో చైనా, అమెరికాల తరవాత నిలిచే దేశం మనది. 2007లో కేంద్ర ప్రభుత్వం అయిదేళ్లకు వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్‌ను మొదలుపెట్టినప్పుడు కోరుకున్నది ఆకుల జాబితా కాదు. పరీక్షనాళికలో రంగు మారిన తరవాత, ఆ కణాలు నెల రోజులు నిలవ ఉంటాయా, కిలోల లెక్కన ఒకే పరిమాణంలో తయారు చేయగలమా, ఇప్పుడున్న మందుకంటే దేనిలో మెరుగు అన్న ప్రశ్నలు వేసే పత్రాలు చాలా తక్కువ.

అతిశయోక్తికి మూలం మాత్రం మన దగ్గర లేదు. 1959 డిసెంబరు 29న కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ చేసిన ప్రసంగంలో, పరమాణువులను మనకు కావలసినట్టు పేర్చడాన్ని భౌతికశాస్త్ర నియమాలేవీ అడ్డుకోవని చెప్పాడు. 1981లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బిన్నిగ్, రోరర్ ఒక్కొక్క పరమాణువునూ చూపించగల స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినిని తయారు చేశారు. 1989లో అదే సంస్థలో డాన్ ఐగ్లర్ 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి సంస్థ పేరును రాశాడు. ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ పని సున్నాకు దాదాపు 269 డిగ్రీలు దిగువన, దాదాపు పూర్తి శూన్యంలో జరిగిందన్న సంగతి మాత్రం ఫొటోతో పాటు తిరగలేదు. ఈ మధ్యలో, 1986లో, ఎరిక్ డ్రెక్స్‌లర్ పరమాణువులను పేర్చి ఏ వస్తువునైనా తయారు చేసే, తమను తాము పునరుత్పత్తి చేసుకునే యంత్రాల గురించి ఒక పుస్తకం రాశాడు. రక్తనాళాల్లో తిరుగుతూ జబ్బులు నయం చేసే రోబోల బొమ్మలు మన తెలుగు పత్రికల ఆదివారం అనుబంధాల్లోకి వచ్చింది ఈ దారిలోనే.

ఈ యంత్రాల ఊహను ఖండించినవాడు నానో వ్యతిరేకి కాదు. కార్బన్ పరమాణువులు బంతిలా అమరిన ఫుల్లరీన్ అణువును కనుగొన్నందుకు 1996లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకడైన రిచర్డ్ స్మాలీ. పరమాణువును పట్టుకునే వేళ్లు కూడా పరమాణువులతోనే చేయాలి కాబట్టి అవి మరీ లావవుతాయనీ, పట్టుకున్న పరమాణువు వేలికే అంటుకుపోతుందనీ ఆయన అభ్యంతరం. నాకు వీటికంటే నచ్చింది ఆయన చెప్పిన రాశి లెక్క. పన్నెండు గ్రాముల కార్బన్‌లో ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి. ఒక యంత్రం సెకనుకు వంద కోట్ల పరమాణువులను పేర్చినా ఆ పన్నెండు గ్రాములు పూర్తి కావడానికి దాదాపు రెండు కోట్ల సంవత్సరాలు పడుతుంది. యంత్రాలు తమంతట తాము కోట్ల కోట్లుగా పెరుగుతాయని ఊహించుకోవలసి వచ్చింది అందుకే, ఆ ఊహే అసలు ఇరకాటం.

2000 జనవరిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అదే కాల్‌టెక్‌లో జాతీయ నానో కార్యక్రమాన్ని ప్రకటించాక డబ్బు మాట మొదలైంది. 2015 నాటికి నానో మార్కెట్టు లక్ష కోట్ల డాలర్లకు చేరుతుందని అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్ వర్గాలు అంచనా వేశాయి. ఇలాంటి అంచనాల్లో తరచుగా జరిగేదేమిటంటే, ఒక వస్తువులో నానో పదార్థం రవ్వంత ఉన్నా ఆ వస్తువు పూర్తి ధర నానో ఖాతాలో పడుతుంది. పెట్టుబడులూ ప్రభుత్వ నిధులూ తరలింది ఇలాంటి అంకెలను చూసే.

ఇప్పుడు నిజంగా పనిచేసిన నానో దగ్గరికి వస్తాను. 2021 వేసవిలో కోవిడ్ రెండో విడత తరవాత బ్లాక్ ఫంగస్ వచ్చిన రోజులు మన ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. మా సహోద్యోగి అన్నగారికి కన్ను కింద వాపు వచ్చి వ్యాధి నిర్ధారణ అయినప్పుడు, డాక్టరు చీటీ మీద రాసిన ఇంజెక్షను కోసం ఆ ఇంటివాళ్లు గుంటూరు కొత్తపేటలో మందుల షాపులన్నీ తిరిగి, అక్కడి నుంచి విజయవాడ సూర్యారావుపేటకు పరిగెత్తారు. చీటీలో ఉన్నది లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి. ‘లైపోసోమల్’ అన్న మాట లేని యాంఫోటెరిసిన్ కూడా ఉంది, అది చవక కూడా, పైగా 1950ల నుంచీ ఉన్న మందు. ఫంగస్‌ను చంపడంలో రెంటిలో ఉన్నదీ ఒకే అణువు. కాని మామూలు రూపంలో అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి కిలో శరీర బరువుకు రోజుకు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఇవ్వడం కష్టం. అదే అణువును వంద నానోమీటర్లకంటే చిన్నవైన కొవ్వు గుళికల పొరలో ఇమిడిస్తే మూత్రపిండాలకు తగిలే దెబ్బ బాగా తగ్గి, కిలోకు అయిదు మిల్లీగ్రాములు ఇవ్వడానికి వీలవుతుంది. అరవై కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. వారాల తరబడి ఇవ్వాలి. ఆ రోజుల్లో కేంద్రం రాష్ట్రాలకు వాటాలు వేసి పంచవలసి వచ్చిన మందు ఇది. అంతగా మనుషుల ప్రాణాలను నిలబెట్టిన ఆ వస్తువు అచ్చమైన నానో వైద్యం. దాని పెట్టె మీద ఎక్కడా నానో అని లేదు, దాని కోసం తిరిగిన వాళ్లలో ఎవరికీ అది నానో అని తెలియదు.

గమనించవలసింది ఏమిటంటే, ఇక్కడ మందు తగ్గలేదు, పెరిగింది. నానో రూపం వల్ల కలిగిన లాభం తక్కువ మందుతో సరిపెట్టడం కాదు. మందు ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడికి వెళ్లకూడదు అన్నది మారి, ఎక్కువ మందును శరీరం తట్టుకోగలగడం. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు కూడా ఇలాంటిదే. అందులోని డాక్సోరుబిసిన్ అనే మందు గుండెకు చేసే హానిని తగ్గించడం దాని ముఖ్యమైన ప్రయోజనం. ఎంఆర్ఎన్ఏ టీకాల్లో కూడా ఇట్టే చెడిపోయే ఆర్‌ఎన్‌ఏను శరీర కణం లోపలికి చేర్చింది దాదాపు వంద నానోమీటర్ల కొవ్వు గుళికలే. అయితే, క్యాన్సర్ గడ్డను మాత్రమే వెతికి పట్టుకునే నానో మందుల గురించి మనం చదివిన కథనాలు వేరు, కొలతలు వేరు. పదేళ్ల ప్రయోగాల ఫలితాలను గుదిగుచ్చి 2016లో ప్రచురించిన ఒక సమీక్షలో, జంతువులకు ఎక్కించిన నానో కణాల్లో గడ్డను చేరినవి మధ్యస్థంగా 0.7 శాతమేనని తేలింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. పరిశోధకులు తమ రంగంలోని లోపాన్ని ఇలా కొలిచి చెప్పడం ఆ రంగానికి గౌరవం తెచ్చే పని.

అంకెలను బట్టి మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. ఫోన్లలో ‘3 నానోమీటర్ల చిప్’ అంటారు. ఆ చిప్‌లో పక్కపక్కనున్న ట్రాన్సిస్టర్ల గేట్ల మధ్య దూరం 48 నానోమీటర్ల దాకా ఉంటుంది, 3 అన్నది తరం పేరే గాని కొలత కాదు. అయినా వేలి గోరంత ముక్కలో వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఉన్నాయన్నది నిజం కాబట్టి ఇక్కడ కొనేవారికి నష్టం లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫోన్లకు వేసే ‘నానో గ్లాసు’, ఆటోనగర్‌లో కార్లకు వేసే ‘నానో సిరామిక్ కోటింగు’ సంగతి అలా కాదు. వాటి మీద ఉండే 9హెచ్ అన్న గుర్తు బొమ్మలు గీసే పెన్సిళ్ల గట్టిదనంతో చేసే గీత పరీక్షకు సంబంధించినది. దాన్ని వజ్రానికి పదిలో పది ఇచ్చే ఖనిజాల కొలమానంగా చెప్పి అమ్మేవాళ్లున్నారు. పోయేది వెయ్యో రెండు వేలో కాబట్టి దాన్ని వదిలేసి, పోయేది పంట అయిన చోటికి వస్తాను.

ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021 మే 31న ద్రవ రూపంలో నానో యూరియాను విడుదల చేసింది. అంతకు ముందు ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చింది. అర లీటరు సీసా, 45 కిలోల యూరియా కట్టకు ప్రత్యామ్నాయంగా పనిచేస్తుందన్నది ప్రచారం. ధర మొదట్లో 240 రూపాయలు, తరవాత 225. సబ్సిడీ యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు. పై నుంచి చూస్తే ఎంత బాగుందో చూడండి: మోయనక్కర్లేదు, గోదాము అక్కర్లేదు, ప్రభుత్వానికి సబ్సిడీ భారం లేదు, కాలవల్లోకి నత్రజని కారదు.

తెనాలి దగ్గర వరి వేసే మా బాబాయి కొడుకు ఒక సాయంత్రం సీసా పట్టుకొని ఇంటికి వచ్చాడు. “అన్నయ్యా, కట్ట అడిగితే దుకాణంవాడు దీన్ని కూడా తీసుకోవాల్సిందేనని లింకు పెట్టాడు. కట్టకు సరిపోయే బలం ఇందులోనే ఉందట. నిజమేనంటావా?” అని అడిగాడు. సీసా తిప్పి చూస్తే నత్రజని 4 శాతం అని రాసి ఉంది. అయిదు వందల మిల్లీలీటర్లలో నాలుగు శాతమంటే 20 గ్రాములు. మామూలు యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, 20 గ్రాముల నత్రజని 43 గ్రాముల యూరియాలో వచ్చేస్తుంది. వాడి బండి మీద ఉన్న కట్టలోంచి పిడికిట్లోకి కాస్త తీసి వంటింటి త్రాసు మీద పోశాం. 43 గ్రాములు అరచేతిలో సగం కూడా నిండలేదు. “ఇంతేనా!” అని వాడు ఆ గింజల వంకే చూస్తూ ఉండిపోయాడు. కట్టలో ఉన్న నత్రజని 20 కిలోల 700 గ్రాములు. సీసాలో ఉన్నదానికి వెయ్యి రెట్లు.

దీనికి వచ్చే సమాధానం నాకు తెలుసు. కట్ట యూరియాలో ఎక్కువ భాగం వృథా అవుతుంది, సీసాది నేరుగా ఆకులోకి వెళ్తుంది అంటారు. మొదటి సగం నిజం. వరి మడిలో చల్లిన యూరియాలో 30 నుంచి 40 శాతమే పైరుకు అందుతుందని సాధారణంగా చెబుతారు, మిగిలింది అమ్మోనియాగా గాలిలోకో, నైట్రేటుగా నేల లోపలికో పోతుంది. తక్కువ లెక్కే తీసుకుందాం. 20.7 కిలోల్లో ముప్ఫై శాతమంటే ఆరు కిలోలకు పైనే. సీసాలోని 20 గ్రాములూ ఒక్క చుక్క పోకుండా పైరుకే అందాయనుకున్నా, అది మూడు వందల్లో ఒక వంతే. ఇంకో వైపు నుంచి చూద్దాం. ఎకరాకు ముప్ఫై బస్తాల ధాన్యం, అంటే 2,250 కిలోలు, పండితే ఆ గింజల్లోనే సుమారు పాతిక కిలోల నత్రజని ఉంటుంది. గింజలోని మాంసకృత్తుల్లో అది తప్పనిసరి భాగం. అది నేల నుంచో, గాలి నుంచి సూక్ష్మజీవుల ద్వారానో, ఎరువు నుంచో రావాలి. కణం ఎంత చిన్నదైనా ఒక నత్రజని పరమాణువు ఒకే పరమాణువు, రెండు కాదు.

ఇక ఆకులోకి వెళ్లడం గురించి. నేను రసాయనశాస్త్రం వైపు నుంచి అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. నానో యూరియా కణాల పరిమాణం 20 నుంచి 50 నానోమీటర్లని చెబుతారు. మామూలు యూరియాను నీళ్లలో వేసి కలిపితే ఏమవుతుంది? పూర్తిగా కరిగి విడివిడి అణువులవుతుంది. యూరియా అణువు పరిమాణం ఒక నానోమీటరులో సగం. అంటే కరిగిన మామూలు యూరియా ‘నానో’ కంటే ఎన్నో రెట్లు చిన్నది. అది విద్యుదావేశం లేని చిన్న అణువు కాబట్టి ఆకు మీది మైనపు పొరను సులువుగానే దాటుతుంది, ఎన్నో దశాబ్దాలుగా వరిలో రెండు శాతం యూరియాను పైపాటుగా పిచికారి చేయమని మన వ్యవసాయ శాఖ చెబుతున్నది అందుకే. నీళ్లలో కరగని పదార్థాన్ని నానోగా చేస్తే లాభం ఉండవచ్చు. కరిగితే అణువులుగా విడిపోయే పదార్థాన్ని అంతకంటే పెద్ద కణాలుగా మార్చి, దాన్ని చిన్నదనంగా అమ్మడంలో కలిసి వచ్చేదేమిటో నిరూపించవలసిన బాధ్యత అమ్మేవారిదే. లెక్క కూడా చూడండి. లీటరు నీటికి నాలుగు మిల్లీలీటర్ల చొప్పున ఒక సీసా 125 లీటర్లకు వస్తుంది, లీటరుకు 0.16 గ్రాముల నత్రజని. రెండు శాతం యూరియా అయితే లీటరుకు 20 గ్రాముల యూరియా, అందులో 9.2 గ్రాముల నత్రజని. యాభై రెట్లకు పైగా ఎక్కువ. 125 లీటర్లకు పట్టే రెండున్నర కిలోల యూరియా ఖరీదు పదిహేను రూపాయలు. కట్టకు సబ్సిడీ తీసేసి రెండు వేల రూపాయలు అనుకున్నా, ఆ రెండున్నర కిలోలకు నూట పదకొండు రూపాయలే అవుతుంది, సీసా ధరలో సగం.

ఇవి నా ఒక్కడి లెక్కలు కావు. 2023లో కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాక్స్ ఫ్రాంక్, సోరెన్ హుస్టెడ్ ‘ప్లాంట్ అండ్ సాయిల్’ పత్రికలో ఈ ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదని వాదించారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించి, సిఫారసు చేసిన పద్ధతిలో నానో యూరియా వాడినప్పుడు వరిలో 13 శాతం, గోధుమలో 21.6 శాతం దిగుబడి తగ్గిందని తెలిపింది. మరో వైపు, అనేక చోట్ల చేసిన పరీక్షల్లో దిగుబడి కొద్ది శాతం పెరిగిందనీ, యూరియా ఆదా అయ్యిందనీ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. తరవాత 2024లో నత్రజని శాతాన్ని ఇరవైకి పెంచిన రకాన్ని కూడా అనుమతించారు. శాతం పెంచినా సీసాలో ఉండేది వంద గ్రాముల ప్రాంతంలోనే. అయినా రాశితో పనిలేదన్న వాదన నిజమైతే శాతం పెంచవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ఎవరూ రైతుకు వివరించలేదు.

ఒక చోట తగ్గడం, ఇంకో చోట పెరగడం ఎలా జరుగుతుంది? మన డెల్టాలో అలవాటుగా అవసరానికి మించి యూరియా వేసే పొలాలు చాలా ఉన్నాయి. అలాంటి పొలంలో ఒక కట్ట తగ్గించి సీసా కొడితే దిగుబడి తగ్గదు. తగ్గకపోవడానికి కారణం ఆ కట్ట మొదటి నుంచీ అదనం కావడం, కాని పేరు సీసాకు దక్కుతుంది. నిజంగా అవసరమైన మేరకే వేసే పొలంలో కట్ట తగ్గిస్తే పంట పడిపోతుంది. ఈ తేడాను విడదీయని ప్రదర్శన క్షేత్రం ఎన్ని ఊళ్లలో పెట్టినా దాని నుంచి ఏమీ తెలియదు. యూరియా వాడకం తగ్గాలన్న లక్ష్యాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దానికి ఆకు రంగు పట్టిక చూసి వేయడం, మూడు దఫాలుగా విడదీసి వేయడం, వేసవిలో జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నడం లాంటి మార్గాలు మన చేతిలోనే ఉన్నాయి. వీటి కోసం ఎవరూ హోర్డింగు పెట్టరు.

వ్యవసాయంలో నానోకు చోటే లేదా అంటే, తప్పకుండా ఉంది, దాన్ని చూపించినవాళ్లలో మన తెలుగు శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి పరిశోధన స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్ బృందం పాతిక నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాలను వేరుశనగ మీద పరీక్షించి, మామూలు జింక్‌తో పోల్చితే తక్కువ మోతాదుతోనే మెరుగైన దిగుబడి వచ్చిందని 2012లో ప్రచురించింది. ఇక్కడ తర్కం కుదురుతుంది. జింక్ ఆక్సైడ్ నీళ్లలో దాదాపు కరగదు, కాబట్టి కణం చిన్నదైతే లాభం. పైగా పైరుకు కావలసిన జింకే చాలా తక్కువ. పైన చెప్పిన ముప్ఫై బస్తాల ధాన్యంలో నత్రజని పాతిక కిలోలుంటే జింక్ ఉండేది యాభై గ్రాముల లోపే. యాభై గ్రాములను సీసాలో తేవచ్చు, పాతిక కిలోలను తేలేం. సూక్ష్మపోషకానికి సరిపోయే ఆలోచనను స్థూలపోషకానికి అంటగట్టడంలోనే తప్పు జరిగింది. నీటి శుద్ధిలోనూ ఇదే గీత కనిపిస్తుంది. 2009లో టాటా స్వచ్ఛ్ వచ్చినప్పుడు ఊక బూడిదకు వెండి నానో కణాలు అద్ది బ్యాక్టీరియాను చంపారు. ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం ఇనుము ఆధారిత నానో పదార్థంతో తాగునీటి నుంచి ఆర్సెనిక్‌ను తీసింది. లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉండే విషాన్ని పెద్ద ఉపరితలం మీద పట్టి ఉంచడం నానో చేయగలిగిన పని. అదే వెండి ఫిల్టరు కనిగిరి నీళ్లలోని ఫ్లోరైడునూ తీస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

మిరప రైతుల విషయంలో నా ఆందోళన ఇంకా ఎక్కువ. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలను ఊడ్చేసినప్పుడు, పూత రాలిపోతుంటే చూస్తూ ఉండలేక రైతులు ఎవరేది ఇస్తే అది కొట్టారు. ఆ కంగారులో అమ్ముడుపోయిన సీసాల్లో కొన్నింటి మీద క్రియాశీల పదార్థం పేరు లేదు, శాతం లేదు, పురుగుమందుల చట్టం ప్రకారం ఉండవలసిన ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల విషతీవ్రత గుర్తు లేదు. నానో అనో, బయో అనో పెద్దక్షరాలు మాత్రం ఉన్నాయి. అలాంటి సీసాను పంపులో పోసి, మూతికి తువ్వాలు చుట్టుకొని రోజంతా కొట్టే కూలి మనిషి ఏం పీలుస్తున్నాడో ఎవరికి తెలుసు? ఇక్కడ అమ్మేవారు ఒక మాట తేల్చుకోవాలి. నానో రూపంలో తమ పదార్థం మామూలుగా కంటే భిన్నంగా ప్రవర్తిస్తుందంటే, ఊపిరితిత్తుల్లో, నేలలో, కాయలో కూడా భిన్నంగా ప్రవర్తిస్తుందేమోనని విడిగా పరీక్షించాలి. భిన్నంగా ప్రవర్తించదంటే నానో పేరు చెప్పి ఎక్కువ ధర వసూలు చేయకూడదు. పరీక్షల అవసరం ఊహాజనితం కాదు. పొడవాటి కార్బన్ నానో గొట్టాలు ఎలుకల్లో రాతినార (ఆస్బెస్టాస్) వల్ల వచ్చేలాంటి వాపును కలిగిస్తాయని 2008లోనే తేలింది. ఆహారంలో తెల్లరంగు కోసం వాడే టైటానియం డయాక్సైడును, అందులో నానో కణాలు కూడా ఉంటాయి, ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. మన దేశంలో 2020లో వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తుల మదింపునకు మార్గదర్శకాలు వచ్చాయి. అవి పట్నంబజారు అరల దాకా రావాలి.

లాం ఫారం గుంటూరు నుంచి అమరావతి రోడ్డు మీద కొద్ది దూరమే. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయమే అక్కడ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు నానో యూరియా మీద మన నేలల్లో చేసే పరీక్షల ఫలితాలు, మంచివైనా చెడ్డవైనా, తెలుగులో ఒక పేజీలో ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా ఉండాలని నేను కోరుతున్నాను. సీసా మీద శాతంతో పాటు “ఇందులో నత్రజని ఇన్ని గ్రాములు, ఒక కట్టలో ఇన్ని కిలోలు” అని అచ్చు వేయడం చట్టంలో రావాలి. కట్టకు సీసాను లింకు పెట్టడం ఆగాలి. మంచి సరుకైతే రైతు తనే అడిగి కొంటాడు.

మా తమ్ముడు ఈ సార్వాలో తన పొలంలోనే పరీక్ష పెట్టుకుంటానన్నాడు. దుకాణం వాళ్లు చెప్పే పద్ధతిలో రెండే మళ్లు ఉంటాయి: పూర్తి యూరియా ఒక దాంట్లో, సగం యూరియాతో సీసా ఇంకో దాంట్లో. నేను నాలుగు పెట్టమన్నాను. మూడో మడిలో సగం యూరియా మాత్రమే వేసి ఏమీ కొట్టకూడదు, సీసా లేకుండా నేల, సగం యూరియా కలిసి ఎంత ఇస్తాయో అదే చెబుతుంది. నాలుగో మడిలో సగం యూరియా వేసి, సీసా కొట్టిన రోజునే రెండు శాతం మామూలు యూరియా నీళ్లు కొట్టాలి. నాలుగింటికీ విడివిడి గట్లుండాలి, ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి పారకూడదు, విత్తనమూ నాటే రోజూ ఒకటే కావాలి. కోసిన తరవాత ఏ మడి ధాన్యం ఆ మడిదిగా నూర్చి, తేమ శాతం కొలిచి, ఎండిన బరువు లెక్కలోకి తెచ్చాకే తూకం రాసుకోవాలి.